డ్రై పోర్టు సరే గురూగారూ, రైలు ఎప్పుడెప్పుడు?

హైదరాబాద్ దగ్గర డ్రై పోర్టు (సముద్రం లేని ఊళ్లోనే కస్టమ్స్ పని ముగించి కంటైనర్లు పోర్టుకి పంపే డిపో) కట్టి బందరు పోర్టుకి కలుపుతామని తెలంగాణ ప్రభుత్వం అనడం మొదలుపెట్టినప్పటి నుంచీ వైజాగ్‌లో కస్టమ్స్ క్లియరింగ్ చేసే మావాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "సరుకంతా అక్కడే క్లియరైపోతే వైజాగ్‌లో మనకేటి పని గురూగారూ, ఈగలు తోలుకోవడమే" అని ఒకాయన. "రాయపూర్‌ది కూడా పెద్దది చేసేస్తార్ట" అని ఇంకొకాయన. అవతల చూస్తే సముద్రానికి ఎంత దూరంలో ఉన్న ఊరైనా సరే, 'మాకూ డ్రై పోర్టు కావాలి' అని వినతిపత్రం పట్టుకుని తయారు. ఈ రెండు గుంపుల మీదా నాకు చిరాకే. మనవాళ్ల భయానికి అర్థం లేదు. వాళ్లేమో అడగాల్సింది వదిలేసి బిల్డింగ్ అడుగుతున్నారు.

ముందు మనవాళ్ల సంగతి తేల్చేస్తాను, అది చిన్నది.

డ్రై పోర్టుకే అసలు పేరు ఇన్‌లాండ్ కంటైనర్ డిపో, మన భాషలో ఐసీడీ. అది నిన్నో మొన్నో పుట్టింది కాదు. దేశంలో మొదటిది 1981లో బెంగళూరులో వచ్చింది. 1988లో రైల్వే వాళ్ల కంటైనర్ కంపెనీ కాంకర్ పెట్టి, రైల్వే చేతిలో ఉన్న డిపోలు దానికి అప్పజెప్పారు. హైదరాబాద్‌కి సనత్‌నగర్ డిపో ఎప్పటి నుంచో ఉంది. అక్కడి కంటైనర్లు ఎక్కువగా ముంబై దగ్గరి నవా శేవా పోర్టు దారి పడతాయి. అంటే మన గుమ్మం తొక్కని సరుకు పోతుందేమోనని మనం ఏడుస్తున్నాం. మన వైజాగ్ కంటైనర్ టెర్మినల్ మొదలైందే 2003లో. ఐసీడీలు పోర్టుల పొట్ట కొట్టేవే అయితే, ఇరవయ్యేళ్లు అవి నడిచాక ఇది ఎందుకు పెట్టినట్టు?

అసలు మన వైజాగ్ పోర్టు తవ్విందే లోపలి సరుకు కోసం. 1933 అక్టోబరు 7న జలదుర్గ ఓడ వచ్చింది, డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి ప్రారంభించాడు. దీని వెనక ఉన్నది బెంగాల్ నాగపూర్ రైల్వే. మధ్య పరగణాల మాంగనీసు బయటికి పంపడానికి దగ్గరి రేవు కావాల్సి వచ్చి ఇక్కడ తవ్వారు. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి కొండలు తొలిచి కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. అద్దాల బోగీలో అరకు వెళ్లి సెల్ఫీలు దిగేది ఆ లైను మీదే. ఇంత చరిత్ర పెట్టుకుని 'లోపలి ఊళ్లకి గేటు తెరిస్తే మనకి నష్టం' అనడానికి మనకి నోరెలా వస్తోంది?

నేపాల్ సంగతే చూడండి. వాళ్లకి సముద్రం లేదు. బీర్‌గంజ్‌లో రైలు పట్టాతో డ్రై పోర్టు ఉంది, 2004 నుంచి నడుస్తోంది. చాలాకాలం భారత్ కాక మిగతా దేశాలతో వాళ్ల సరుకంతా కోల్‌కతా, హల్దియాల మీదే ఆధారపడింది. 2016లో ఒప్పందం కుదిరి విశాఖకి కూడా తలుపు తెరుచుకుంది. బీర్‌గంజ్‌కి కోల్‌కతా ఏడొందల కిలోమీటర్లు, మనం దానికి రెట్టింపు. అయినా మన పేరు ఎందుకొచ్చింది? అక్కడ హుగ్లీ నది లోతు ఓడల్ని ఆపుతుంది, ఇక్కడ పెద్ద ఓడ నేరుగా వచ్చి నిలబడుతుంది. కంటైనర్‌కి ఎలక్ట్రానిక్ సీలు వేసి రైలెక్కించడం వరకే మన పని, సుంకం లెక్కలు నేపాల్ వాళ్లే చూసుకుంటారు. బీర్‌గంజ్‌లో ఆ డిపో లేకపోతే ఆ సరుకు మన ముఖం చూసేదా?

ఇక 'మన ఉద్యోగాలు' అనేవాళ్లకి: 2018 లైసెన్సింగ్ రూల్స్ ప్రకారం ఒకచోట తీసుకున్న కస్టమ్స్ బ్రోకర్ లైసెన్స్‌తో దేశంలో ఏ స్టేషన్‌లోనైనా పనిచేయొచ్చు, అక్కడి వాళ్లకి తెలియజేస్తే చాలు. రాయపూర్‌లో ఒక గది అద్దెకి తీసుకుని కుర్రాణ్ణి కూర్చోబెట్టడం మానేసి ఇక్కడ గ్రూపులో ఫార్వర్డ్‌లు కొట్టుకుంటూ కూర్చుంటే ఎవరిది తప్పు?

సరే, ఇప్పుడు వినతిపత్రాల వాళ్లు.

కాగితం మీద కస్టమ్స్ స్టేషన్ పెట్టడం నిజంగా తేలికే. 1962 కస్టమ్స్ చట్టం సెక్షన్ 7 కింద కేంద్ర కస్టమ్స్ బోర్డు ఒక నోటిఫికేషన్ ఇస్తుంది, సెక్షన్ 8 కింద కమిషనర్ హద్దులు గీస్తాడు. మన సముద్రం రేవు కోడ్ చివర 1 ఉన్నట్టు, ఐసీడీ కోడ్ చివర 6 పడుతుంది. సెక్షన్ 2(12) ప్రకారం ఆ క్షణం నుంచి అదీ కస్టమ్స్ పోర్టే, మనకి ఎంత హోదా ఉందో దానికీ అంతే. రిబ్బన్ కటింగ్, ఫొటో, లోకల్ పేపర్లో వార్త. ఆ తర్వాత?

ఆ తర్వాత రైలు లెక్క. ఇది ఎవ్వరూ వెయ్యరు కాబట్టి నేనే వేస్తాను. ఐసీడీకి అనుమతి కావాలంటే మార్గదర్శకాల్లో అడిగే కనీస సరుకు ఏడాదికి 6,000 టీఈయూలు (ఇరవై అడుగుల కంటైనర్ ఒకటి ఒక టీఈయూ), అదీ రాకపోకలు రెండూ కలిపి. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది. నెలకి 500. ఒక కంటైనర్ రేక్‌కి, అంటే ఒక పూర్తి గూడ్స్ రైలుకి, 45 వ్యాగన్లు, 90 టీఈయూలు పడతాయి. పోతూ 90, వస్తూ 90 అనుకుంటే నెలకి మూడు ట్రిప్పులు కూడా నిండవు. అంటే పదిరోజులకో రైలు. ఓడకి సరుకు చేర్చే ఆఖరు గడువు, అదే కటాఫ్, వారానికోసారి ఉండే చోట పదిరోజులకో రైలుని నమ్ముకుని ఎక్స్‌పోర్టర్ ఎవడైనా ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) గడువు ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. లారీ ఎక్కించి నేరుగా పోర్టుకి తోలేస్తాడు. ఫ్యాక్టరీలోనే కంటైనర్ నింపి తనే ఆర్‌ఎఫ్‌ఐడీ (ఎలక్ట్రానిక్) సీలు వేసుకునే పద్ధతి 2017లోనే వచ్చేసింది కూడా. సరుకు లారీల్లో పోయేకొద్దీ రేక్ నిండదు, రేక్ నిండనందుకు ఇంకొన్ని లారీలు కదులుతాయి. బస్సు రాని ఊళ్లో బస్టాండ్ కట్టినట్టుంటుంది చివరికి. కొన్ని ఐసీడీలు ఇలాగే మూతపడ్డాయి.

ఎంప్టీల, అంటే ఖాళీ కంటైనర్ల, గొడవ ఇంకోటి, ఇది రైలు కంటే చేటు. రాయపూర్ వైపు నుంచి బియ్యం బయటికి పోతుంది, కంటైనర్లలో అటు వచ్చేది తక్కువ. మరి బియ్యం నింపడానికి ఖాళీ డబ్బా ఎక్కడి నుంచి వస్తుంది? పోర్టు నుంచి ఖాళీగా లాక్కెళ్లాలి. ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు గాలిని మోసినందుకు కూడా రైలు చార్జీ కట్టాలి. షిప్పింగ్ లైన్ (ఓడల కంపెనీ) వాడు 'మా ఎంప్టీలు అక్కడ ఉంచం, కావాలంటే వైజాగ్ యార్డులో తీసుకోండి' అంటాడు. అలా అన్నాడంటే మీ డ్రై పోర్టు కథ ముగిసినట్టే. అందుకే ఎవరైనా ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి చూపిస్తే నేను మొదట ఎకరాలు చూడను, అటు దిగుమతి చేసుకునేవాళ్లు ఎవరున్నారో చూస్తాను. స్క్రాపో, పేపరో, యంత్రాలో ఏదో ఒకటి కంటైనర్లో లోపలికి వచ్చి అక్కడే ఖాళీ అవ్వాలి. ఎగుమతులు ఉన్న ఊరికే డిపో ఇవ్వాలని అందరూ వాదిస్తారు. నా మట్టుకు నేను దిగుమతులు ఉన్న ఊరికే ముందు ఇవ్వమంటాను. వింటానికి తిరకాసుగా ఉన్నా యార్డులో నిలబడి చూసినవాడికి తెలుస్తుంది.

దిగుమతి అన్నాక మళ్లీ ఒక చిక్కు. కస్టమ్స్ వాళ్ల నోటిఫికేషన్ ఒక్కటే సరిపోదు. విత్తనాలు, పప్పులు, కలప వస్తే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ షెడ్యూల్‌లో ఆ ఊరి పేరు ఉండాలి. మందులకి డ్రగ్స్ రూల్స్‌లో 43ఏ కింద ఏయే చోట్ల నుంచి రావచ్చో పేరు పేరునా రాసి ఉంది. తిండి పదార్థాలకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) మనిషి, శాంపిల్‌కి ల్యాబు కావాలి. ఒక్కొక్కటి ఒక్కో శాఖ, ఒక్కో ఫైలు. కస్టమ్స్ స్టేషన్ మాత్రమే తెచ్చుకుని మిగతావి తర్వాత చూద్దామనుకున్న ఊళ్లో, పప్పు కంటైనర్ దిగి నిలబడి గ్రౌండ్ రెంట్ (యార్డు అద్దె), డిటెన్షన్ (కంటైనర్ ఆలస్యం చార్జీ) రెండూ తింటుంది. ఇప్పుడు అసెస్‌మెంట్‌కి, అంటే సుంకం లెక్కకి, ఊరితో పనే లేదు. 2020 అక్టోబరు ఆఖరు నుంచి దేశమంతా ఫేస్‌లెస్సే, ఇక్కడి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) ఇంకెక్కడి ఆఫీసరో చూస్తాడు. ఊళ్లో మిగిలింది డబ్బా తెరిచి చూసే పని, శాంపిల్ తీసే పని. అదే లేకపోతే ఇక అక్కడ పోర్టు ఉండి ఏం లాభం?

ఇన్ని తిట్టాక ఐసీడీ దండగ అంటున్నాననుకునేరు. కాదు. దాని అసలు విలువ ఏంటో 2023లో చూశాం. ఆ ఏడాది జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. నోటిఫికేషన్‌లో కొన్ని మినహాయింపులు ఇచ్చారు. అందులో ఒకటి, అప్పటికే కస్టమ్స్ స్టేషన్‌లోకి వచ్చి, తేదీ, టైముతో సహా సిస్టమ్‌లో నమోదైన సరుకు పోవచ్చన్నది. చట్టం దృష్టిలో ఐసీడీ గేటు కూడా కస్టమ్స్ స్టేషన్ గేటే కదా. మిల్లు పక్కన డిపోలో గేట్ ఇన్ అయినవాడికి ఒక న్యాయం, ఘాట్ రోడ్డు మీద లారీలో ఉన్నవాడికి ఒక న్యాయం. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసినప్పుడూ అంతే. సెక్షన్ 16 ప్రకారం లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (ఎల్‌ఈఓ, ఎగుమతికి కస్టమ్స్ అనుమతి) పడిన తేదీ నాటి రేటే వర్తిస్తుంది. ఎల్‌సీ ఉండి పోర్టులోకి చేరిన సరుకుకి మినహాయింపు ఇచ్చారు, దారిలో ఉన్నదానికి ఇవ్వలేదు. ఆ వారం నాకు తెలిసిన మిల్లరు ఒకాయన అర్ధరాత్రి ఫోన్ చేసి "లారీ ఎంతవరకు వచ్చిందో చూడు బాబూ" అంటుంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఊళ్లో గేటు ఉండడం అంటే ఆ ఒక్క రాత్రికి కోట్ల తేడా. దీని గురించి ఏ వినతిపత్రంలోనూ ఒక్క వాక్యం చూడలేదు నేను, అన్నిట్లోనూ 'ప్రాంతీయ అభివృద్ధి' అన్నదే.

ఎగుమతి సరుకు మీద కట్టిన ఐజీఎస్‌టీ పన్ను రీఫండ్ గొడవ కూడా ఒక ముక్క చెప్పాలి. ఐసీడీ నుంచి పోయిన సరుకుకి అక్కడి ఈజీఎం (ఎగుమతి సరుకు జాబితా) ఒకటి, పోర్టు దగ్గర గేట్‌వే ఈజీఎం ఒకటి, రెండూ కలవాలి. జీఎస్‌టీ వచ్చిన కొత్తలో ఇవి కలవక ఎంతమంది డబ్బు ఇరుక్కుందో మా లైన్లో అందరికీ గుర్తే. ఇప్పుడు చాలా నయం. అయినా లైన్ వాడు గేట్‌వే ఈజీఎం సరిగా వేశాడో లేదో నేను ఇప్పటికీ నా కళ్లతో చూసుకుంటాను.

చివరిగా మనుషుల సంగతి, ఎవరూ మాట్లాడని సంగతి. ఐసీడీలో కూర్చునే కస్టమ్స్ ఆఫీసర్ల జీతం ఖర్చు డిపో నడిపేవాడే ప్రభుత్వానికి కట్టాలి. కాస్ట్ రికవరీ అంటారు, 2009 రెగ్యులేషన్లలో ఉంది. వరుసగా రెండేళ్లు నిర్ణీత స్థాయిలో సరుకు నడిపి చూపిస్తేనే ఆ భారం తప్పుతుంది. కొత్త డిపోకి సరుకే లేనప్పుడు ఈ ఖర్చు మొయ్యాలి. నడిపేవాడు తక్కువమందితో సర్దుకుంటాడు, ఉన్నవాళ్లకి ఇంకోచోట అదనపు చార్జి ఉంటుంది. నేనొక డిపోలో చూశాను, పేరెందుకులెండి. ఎగ్జామినేషన్‌కి ఇన్‌స్పెక్టర్ వారంలో ఏ రోజు వస్తాడో సెక్యూరిటీ గార్డుని అడిగి తెలుసుకోవాలి. శుక్రవారం సరుకు నింపిన కంటైనర్‌కి సోమవారం దాకా ఎల్‌ఈఓ లేదు. రైలు ఆదివారమే పోయింది, ఓడ కూడా పోయింది. ఎక్స్‌పోర్టర్ బుకింగ్ మార్చుకోవడానికి కట్టిన డబ్బుతో లారీలో రెండుసార్లు వైజాగ్ వచ్చి వెళ్లొచ్చు.

హైదరాబాద్ కానీ ఇంకే ఊరు కానీ, కొత్తది పెట్టేటప్పుడు ఎన్ని పోస్టులు మంజూరు చేశారు, శని ఆదివారాలు ఎవరు కూర్చుంటారు, రైలు వారానికి ఎన్నిసార్లు, ఏ లైన్ వాళ్లు ఎంప్టీలు ఉంచుతామని రాసిచ్చారు? ఇవి కాగితం మీద చూపించండి, నా కస్టమర్ల సరుకు మొదటి రేక్‌లోనే ఎక్కిస్తాను. చూపించకపోతే ఎంత ఘనంగా ప్రారంభించినా లారీకే చెప్తాను.