మీరు వేసింది ఏ చందూ సాహుకండీ?

మన ప్రజాస్వామ్యంలో నాయకులకు ఎన్నడూ కొరత లేదు. కొరతంతా పేర్లకే. 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ ఓటర్లు ఆ కరువును కళ్లారా చూశారు. బీజేపీ అభ్యర్థి చందూలాల్ సాహు. ఆయన కాక బరిలో చందూ సాహులు ఇంకో పదిమంది. కుట్ర అనేవాళ్ల కళ్లు పోతాయి. పదిమంది సామాన్యులకు ఒకేసారి దేశసేవ మీద మనసు పుట్టింది. తీరా నామినేషన్ వేయబోతే అందరిదీ ఒకటే పేరు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం!

ఆ ప్రచారం ఎలా సాగి ఉంటుందో తలుచుకుంటే ముచ్చటేస్తుంది. గుమ్మంలో ఒకాయన దండం పెడతాడు. "అమ్మా, చందూ సాహును. మీ ఓటు నాకే."

"ఇందాకేగా వచ్చి వెళ్లావు నాయనా?"

"ఆయన వేరమ్మా, మీసాల చందూ."

"మరి పొద్దున వచ్చింది?"

"ఆయనా నేను కాదు. నేను కింది నుంచి నాలుగోవాణ్ణి."

సభలో చందూ సాహు జిందాబాద్ అంటే పదకొండు మందీ చేతులూపుతారు. డౌన్ డౌన్ అంటే పదకొండు మందీ పక్కవాడి వంక చూస్తారు. టీవీ చర్చలో యాంకర్ గొంతు చించుకుంటాడు: "చందూ సాహు గారూ, మీ మీద చందూ సాహు చేసిన ఆరోపణకు మీ జవాబేంటి?" లెక్కింపు రోజు ఆధిక్యంలో చందూ సాహు, వెనుకంజలో చందూ సాహు, డిపాజిట్ గల్లంతైందీ చందూ సాహుకే. చివరికి అసలాయన 1,217 ఓట్ల తేడాతో గట్టెక్కాడు.

అందరికీ ఆ రాత ఉండదు. 2004లో కేరళలోని అలప్పుళలో వి.ఎం. సుధీరన్ 1,009 ఓట్ల తేడాతో ఓడిపోయారు. వి.ఎస్. సుధీరన్ అనే స్వతంత్ర అభ్యర్థికి ఎనిమిది వేలకు పైగా పడ్డాయి.

పేరు దొరక్కపోతే గుర్తు ఉండనే ఉంది. టీఆర్‌ఎస్ గుర్తు కారును, చూడ్డానికి దానిలాగే ఉండే రోడ్డు రోలర్ ఎంత ఏడిపించిందో తెలంగాణలో ఎవరిని అడిగినా చెబుతారు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రిటర్నింగ్ అధికారి ఒక అభ్యర్థి నుంచి రోడ్డు రోలర్ తీసుకుని బేబీ వాకర్ చేతిలో పెట్టారు. ఎన్నికల సంఘం రోలర్‌ను తిరిగి ఇప్పించి, అధికారినే పక్కకు తప్పించింది.

చట్టం చేతులు కట్టుకుని కూర్చోలేదు లెండి. ఒకే పేరున్నవాళ్లకు వృత్తో ఊరో జోడించాలని నిబంధన ఉంది. పదకొండు మందీ రైతులైతే? ఆ సంగతి రైతులు చూసుకోవాలి. 2015 నుంచి ఫొటో కూడా వేస్తున్నారు, తపాలా బిళ్లంత. 2024లో ఒకాయన ఈ నకిలీల బెడద మీద సుప్రీంకోర్టుకు వెళ్తే, తల్లిదండ్రులు పెట్టిన పేరు పోటీకి అడ్డమెలా అవుతుందని ధర్మాసనం అడిగింది. నిజమే. తల్లిదండ్రులు పెట్టిన పేరు సరే, ఎన్నికల ముందు ఆ పేరును వెతికి పట్టుకొచ్చినవాడి సంగతి?

ఇక నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. "ఓటర్లే చూసి వేసుకోవాలండీ. చదువు లేకపోతే ఎవరేం చేస్తారు?" 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌ ఓటర్లకు చదువు రాదా? రెండు పేజీల్లో పేర్లు, నడుమ ఒకే వరుసలో ఓటుకు పొడవాల్సిన రంధ్రాలు. ఎడమ పేజీలో గోర్ పేరు రెండోది, ఆయన రంధ్రం మూడోది. రెండో రంధ్రం కుడి పేజీలోని బుకానన్‌ది! రెండేసి పొడిచి చెల్లకుండా పోయిన ఓట్లు ఆ ఒక్క కౌంటీలోనే 19 వేలకు పైగా. గోర్ ప్రత్యర్థి బుష్‌ ఫ్లోరిడా గెలిచింది 537 ఓట్ల తేడాతో. అక్కడా తిట్లు తిన్నది ఓటర్లే. కాగితం అలా గీసినవాళ్లు కాదు, గుడ్డిగా పొడిచారని వీళ్లు!

చూపు మందగించిన ముసలమ్మ ఎండలో వరుసలో నిలబడి, లోపలికి వెళ్లి మీట నొక్కుతుంది. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. తను అనుకున్న గుర్తు కాదని అప్పుడు తెలిసినా చేసేదేమీ లేదు, వెనక్కి తీసుకునే మీట లేదు. ఆమెను ఏమార్చడానికి అయిన ఖర్చు లోక్‌సభ డిపాజిట్టు, పాతిక వేలు. ఇంకొకరి పేరు చెప్పి ఓటు వేయబోతే పట్టుకుని కేసు పెడతారు. ఇంకొకరి పేరు చూపించి ఓటు కాజేయడానికి వచ్చినవాడికి మాత్రం క్రమసంఖ్య ఇచ్చి, గుర్తు కేటాయించి, ఫొటో అచ్చు వేసి మరీ పెడతారు.