వెల్లుల్లి వాసన ఎర డబ్బాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పిండి ఎర డబ్బా గారికి,

కాలిఫోర్నియాలో లివర్‌మోర్ దగ్గరున్న డెల్ వాలే సరస్సు ఒడ్డు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నీళ్లలో ట్రౌట్ చేపలన్నీ క్షేమం. ఈ ఉత్తరానికి కారణం అదే.

మీ ఒంటి రంగు నేను మా ఊరి పెళ్లిపందిట్లో కూడా చూడలేదు. చిలకాకుపచ్చ, పైన జరీ మెరుపు. వాసనంటారా, వెల్లుల్లి. ఆఫీసుకు వెళ్లే రోజు పప్పులో వెల్లుల్లి వద్దని మా ఆవిడతో పోట్లాడే మనిషిని. శనివారం తెల్లవారకముందే అదే వాసన పది వేళ్లకూ పట్టించుకుని చేపను బతిమాలుతున్నాను.

మా తాతయ్య కాలవ గట్టున కూర్చుని, వెదురు కర్రకు దారం కట్టి, గాలానికి ఎర్రను, అదే వానపామును, గుచ్చి, బెండు మునగ్గానే లాగేవాడు. అంతే. నాకో? నాలుగు పౌన్ల బరువు ఆపే దారం, దాని మీద జారే సీసం గుండు, ఆ గుండును ఆపడానికి స్వివెల్ అనే గిర్రున తిరిగే చిన్న లోహపు కొలికి, ఆ తర్వాత అడుగున్నర సన్న దారం, కొసన పదహారో నంబరు మూడు కొక్కేల గాలం. గుండు అడుగున పడుంటుంది. మీరు గాలంతో సహా తేలి నాచు పైన నిలబడతారు. చేప లాగితే దారం గుండులోంచి జారుతుంది. బరువు తగలదు, అనుమానం రాదు. ఇంత నాజూకు మోసం మా తాతయ్య ఎరగడు. పోయినవారం పిసినారితనానికి పోయి ముద్ద చిన్నది చేశాను. గాలం బరువుకు మునిగిపోయారు మీరు. మూడు గంటలు నాచుకు భోజనం పెట్టాను.

అయినా చలికాలమనగానే ఆశ. వేసవిలో పైనీళ్లు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కు పడదు, లోతుకు పోతుంది. అక్కడికి ఎర అందాలంటే పడవ కావాలి. ఇంటి అప్పు తీరనివాడికి పడవెక్కడిది? చలి ముదిరాక పైనీళ్లు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతాయి, సరస్సంతా కలిసిపోతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 10 డిగ్రీల నీటిలో 11 దాటుతుంది. అప్పుడు చేప ఒడ్డుకొస్తుంది. ట్రక్కు కూడా వస్తుంది.

ఆ ట్రక్కు సంగతి మీకు తెలియంది కాదు. తొట్టెల్లో గుళికల మేత తిని పెరిగిన రెయిన్‌బో ట్రౌట్లను తెచ్చి నీళ్లలో వదులుతారు. పాపం, హాస్టల్ పిల్లలు. ఈగంటే తెలియదు, పురుగంటే తెలియదు, మెస్సు వాసన ఒక్కటే తెలుసు. అంటే సర్కారు వదిలిన చేప కోసం సర్కారు దగ్గరే లైసెన్సు కొని, పార్కుకు రోజువారీ రుసుము విడిగా కట్టి, దాని మెస్సు తిండికి నకలు చూపించి వేటాడుతున్నాను. ఫోన్లో ఇది వివరించబోతే మా నాన్న, “ఎందుకురా, పెంచినచోటే కొనుక్కోకూడదూ?” అన్నారు. లైను బాగోలేదని పెట్టేశాను.

నిన్న పొద్దున మబ్బు, కాస్త గాలి, నీటి మీద చిరు అలలు. ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు. చలికి చేప బద్ధకిస్తుందట, ఎర పట్టుకుని పరుగెత్తదు, కర్ర కొస మెల్లగా వణికితే చాలట. కర్రా వణికింది, నేనూ వణికాను. ఎవరి వణుకో తేల్చుకునేలోపు తెల్లారింది.

నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం, రోజుకు మనిషికి అయిదు చేపలే అన్న లెక్క తొమ్మిదింటికల్లా ముగించి మడత కుర్చీ సర్దుకున్నాడు. ఎర ఏమిటని సిగ్గు విడిచి అడిగాను. నవ్వుతూ డబ్బా మూత తీశాడు. ఎర్రలు. సిరంజితో కాస్త గాలి ఎక్కిస్తే నాచు పైన తేలతాయట.

మిమ్మల్ని ఆవకాయ జాడీ పక్కన పెట్టినందుకు మా ఆవిడ ఫ్రిజ్‌లోంచి గ్యారేజీకి పంపిన సంగతి మనసులో పెట్టుకోకండి. వచ్చే శనివారం కూడా మీరు కారు డిక్కీలోనే ఉంటారు. సిరంజికి ఆర్డరు పెట్టాను.

ఇట్లు,
వెల్లుల్లి తప్ప చేప వాసన ఎరగని
మీ విధేయుడు