వారానికి 180 పౌండ్లట!

బ్రిటన్‌లో స్టూడెంట్ల కోసమే కట్టిన ఆ బిల్డింగుల్లో అద్దె వారానికి ఇంత అని చెబుతారు. తమ్ముడు సెప్టెంబర్‌లో లెస్టర్‌కు ఎమ్మెస్సీకి వెళ్తున్నాడు, వాడికి గది చూస్తున్నాం. వారానికి 180 పౌండ్లు, అగ్రిమెంట్ 51 వారాలు. లెక్కేస్తే 9,180 పౌండ్లు, మన డబ్బుల్లో పది లక్షల పైమాటే! ఆ మొత్తం పైనే రాయడానికి ఏం నొప్పి?

వాయిదాల్లో కట్టాలంటే బ్రిటన్‌లో ఉండేవాళ్లెవరో పూచీ పడాలట. నిజామాబాద్‌లో ఉన్న నాన్న సంతకం పనికిరాదు. అక్కడ మనకెవరున్నారు? లేదంటే ఏడాది అద్దె ముందే కట్టేయాలి. ఎడ్యుకేషన్ లోన్ చేతికి రాలేదు, వీసా రాలేదు, గదులు మాత్రం అయిపోతున్నాయని రోజూ మెయిళ్లు. ఇంట్లో అందరికీ టెన్షన్.

ఫొటోల నిండా జిమ్ము, సినిమా రూము, పూల్ టేబుల్. మాకు కావాల్సింది వంటగది సంగతి. బాత్రూమ్ ఎవరిది వాళ్లకే, వంటగది మాత్రం ఉమ్మడి. ఎంతమందికి? ఆరుగురికా, పదిమందికా? ఫ్రిజ్‌లో ఒక్క అర ఇస్తే పాలు, పెరుగు, వారానికి వండుకున్న పప్పు, కూరలు ఎక్కడ సర్దుకుంటాడు? మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే జిమ్ము ఫొటో పంపారు.