దివంగతులు కూడా లేచి నిలబడ్డారు

కళాకారులను బతికుండగానే గౌరవించుకోవాలని కనబడిన ప్రతివారికీ పాఠం చెప్పే దురలవాటు నాకు చాలాకాలంగా ఉంది. ఆ దురలవాటు ముదిరి, ఒక సాంస్కృతిక సంస్థ వెంటపడి, ఒకప్పుడు ఆయన లేని సినిమా లేదనిపించుకుని ఇప్పుడు ఎవరికీ పట్టకుండా పోయిన ఒక వృద్ధ సహాయ నటుడికి పురస్కారం ఇప్పించేదాకా వచ్చింది. ఎన్ని ఉత్తరాలు రాశాను, ఎవరెవరిని పట్టుకున్నాను, ఇవన్నీ నాకెందుకు నాయనా అన్న పెద్దమనిషిని ఎలా ఒప్పించాను అన్న పురాణమంతా ఇప్పుడు అనవసరం. నిన్న సాయంత్రం ఆయనను వెంటబెట్టుకుని వెళ్లి సభామందిరంలో రెండో వరుసలో కూర్చోబెట్టాను. మొదటి వరుసలో కుర్చీలకు పేర్లు అతికించి ఉన్నాయి కానీ వాటిలో ఆయన పేరు లేదు. కాళ్లు చాపుకోవడానికి రెండో వరుసే హాయి అని ఆయనే నాకు సర్దిచెప్పారు.

ఆయన పేరు చెప్పను. తెర మీద ఆయన చేసిన ఉద్యోగం మాత్రం చెప్పాలి. ఆయన ఉద్యోగం చనిపోవడం. కథానాయకుడి తండ్రిగా మూడో రీలులో గుండె పట్టుకుని, కథానాయిక తండ్రిగా ఇంటర్వెల్‌కు కాస్త ముందు ఉత్తరం చదువుతూ, జమీందారుగా పాలలో కలిపిన విషంతో, న్యాయమూర్తిగా కిటికీలోంచి వచ్చిన తూటాతో, ఆయన పోయేవారు. ఆయన పోతే తప్ప కథ కదిలేది కాదు. మిగిలినవారి చేతుల్లో ఒరిగిపోతూ సగం వాక్యం దగ్గర ఆగిపోవడంలో ఆయనను మించినవారు లేరన్నది నా అభిప్రాయం. మిగతా సగం వాక్యం కోసమే ప్రేక్షకులు చివరిదాకా కూర్చునేవారు.

సభ మొదలైంది. స్వాగతోపన్యాసం, ఆ స్వాగతోపన్యాసానికి ధన్యవాదాలు, ఎవరిదో ఒక పాట అయిన తరువాత, వ్యాఖ్యాత్రి గొంతు తగ్గించి, మనల్ని విడిచి వెళ్లిన మహానటులను ఈ సందర్భంగా స్మరించుకుందామని చెప్పి, మైకు కీచుమంటుండగా ఒక పేరు చదివింది. నా పక్కన కూర్చున్నవారి పేరది. ఆ వెంటనే వేదిక మీది తెర వెలిగి ఆయన ఫొటో పడింది. వారి ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం పాటిద్దామని ఆమె కోరగా సభలోని వారంతా లేచి నిలబడ్డారు.

ఆయన కూడా లేచారు. నలుగురూ లేచిన చోట కూర్చుని ఉండడం మర్యాద కాదని నమ్మే తరం ఆయనది. ఎడమ చెవి వినబడదు, ఆ మైకు ధాటికి కుడి చెవి కూడా పని చేసి ఉండదు, కళ్లజోడు జేబులో ఉంది. మోకాళ్లు సహకరించక నా భుజం మీద చెయ్యి వేశారు. నేనే పట్టుకుని లేపాను. ఒక మనిషిని ఆయన సొంత సంతాపానికి చెయ్యి పట్టి నిలబెట్టిన ఘనత లోకంలో ఇంకెవరికైనా దక్కిందో లేదో నాకు తెలియదు. తలకాయ వంచి, రెండు చేతులూ ముందుకు కట్టుకుని, ఆయన అత్యంత శ్రద్ధగా మౌనం పాటించసాగారు.

కొన్ని క్షణాలకు నా చెవి దగ్గరకు వంగి, "ఎవరు నాయనా పోయింది?" అని అడిగారు.

ఈ ప్రశ్నకు ఉండదగిన జవాబులన్నీ ఒక్కసారిగా నా బుర్రలో తోసుకున్నాయి. నిజం చెబితే ఆ నిశ్శబ్దంలో ఏం జరుగుతుందో తెలియదు, అబద్ధం చెబుదామంటే పోయినట్టు చెప్పదగిన మరొక మనిషి పేరు వెంటనే తట్టలేదు. చివరకు, "మీకు బాగా తెలిసినవారే, గురువుగారూ" అన్నాను.

"నాకన్నా పెద్దవాడా?"

"మీ ఈడువారే."

"పాపం, మంచివాడేనా?"

"చాలా మంచివారు."

ఆయన నిట్టూర్చి, తల మరికొంచెం వంచారు. తన కోసం అంత నిజాయితీగా బాధపడిన మనిషి ఆ సభలో ఆయనొక్కరే. మా ముందు వరుస చివర నిలబడిన ప్రముఖుడు ఫోను చూసుకుంటున్నాడు, వెనకాల ఎవరో కాఫీ ఎప్పుడిస్తారని గుసగుసలాడుతున్నారు.

మౌనంలో మనిషి బుర్ర ఊరుకోదు. 1897లో మార్క్ ట్వేన్ లండన్‌లో ఉండగా ఆయన చనిపోయారన్న పుకారు పుట్టింది. తన మరణవార్త అతిశయోక్తి అని పత్రికకు రాసి ఆ పెద్దమనిషి హాయిగా మరో పదమూడేళ్లు బతికాడు. అలా కబురంపడానికి ఆయనకు పత్రిక ఉంది, కలం ఉంది, అన్నిటికీ మించి ఆయన మాట అచ్చువేసే జనం ఉన్నారు. మా గురువుగారికి ఉన్నది నేను, నాకు ఉన్నది నోరు తెరవలేని ఒక నిమిషం. అమెరికా గాయకుడు రోడ్రిగ్జ్ వేదిక మీదే ఆత్మహత్య చేసుకున్నాడని దక్షిణాఫ్రికా అభిమానులు ఏళ్లతరబడి నమ్మారు. ఆయనేమో డెట్రాయిట్‌లో కూల్చివేత పనులు, ఇళ్ల మరమ్మతులు చేసుకుంటూ, అక్కడ తనకు అభిమానులున్న సంగతే తెలియకుండా కాలం గడుపుతున్నాడు. అభిమానులు వెతికి పట్టుకున్న తరువాత 1998లో ఆయన అక్కడికి వెళ్లి కిక్కిరిసిన సభల్లో పాడాడు, 2023 దాకా బతికాడు. అభిమానులంటే వాళ్లు. పోయాడనుకున్నవాడు బతికే ఉన్నాడని తేల్చారు. మా సంస్థవారు ఎదురుగా కూర్చున్నవాడిని పోయాడని తేల్చారు.

తొలితరం ఫ్రెంచి సినిమా దర్శకుడు జార్జ్ మెలియెస్ కూడా గుర్తుకొచ్చాడు. 1902లో తెర మీద చంద్రుడి కంట్లోకి రాకెట్టును గుచ్చినవాడు, తరువాత సర్వం పోగొట్టుకుని పారిస్‌లో మోంపర్నాస్ రైల్వేస్టేషన్‌లో బొమ్మలు, మిఠాయిలు అమ్ముకున్నాడు. ఆ దుకాణంలో ఆయనను గుర్తుపట్టినవారు గుర్తుపట్టారు. 1929లో పెద్ద సభ చేసి, దొరికిన సినిమాలను మళ్లీ ఆడించారు. 1931లో ఫ్రాన్స్ ప్రభుత్వ గౌరవ పతకం సినిమా ఆద్యుల్లో ఒకడైన లూయీ లూమియేర్ చేతుల మీదుగా ఆయనకు అందింది. ఇంతా చేసి ఆ సభలో మెలియెస్‌ను ముందు వరుసలో కూర్చోబెట్టారా, రెండో వరుసలోనా అన్న ప్రశ్న నన్ను ఆ క్షణంలో ఎందుకో పీడించింది.

నా ఆలోచన పారిస్‌లో ఉండగా గురువుగారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని తెర వైపు చూశారు.

ఆ ఫొటో గురించి చెప్పాలి. నిర్వాహకులు ఎక్కడ నుంచి దింపుకున్నారో కానీ, ఏదో సినిమాలో ఆయన ప్రాణం విడుస్తున్న ఘట్టమది. కళ్లు మూసి ఉన్నాయి, నోటి చివర నుంచి నల్లటి చార ఒకటి జారి ఉంది, పక్కన ఎవరిదో గాజుల చెయ్యి ఉంది. ఫొటో కింద ఆయన పుట్టిన సంవత్సరం, దాని పక్కన చిన్న గీత, గీత తరువాత ఖాళీ. ఆ ఖాళీలో ఏం వేయాలో వెతికి దొరకక వదిలేసిన మహానుభావుడికి, ఎందుకు దొరకలేదో ఒక్కసారి ఆలోచించుకునే తీరిక కూడా లేకపోయిందా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఆయన చాలాసేపు చూశారు. నేను ఊపిరి బిగబట్టాను. "ఈ షాట్‌లో కుడి రెప్ప కదిలింది నాయనా," అన్నారు ఆయన నెమ్మదిగా. "ఇంకో టేకు అడిగాను. ఫిలిం దండగ అన్నారు."

అప్పుడు ఆయనకు విషయం అర్థమైందా, కాలేదా అని తేల్చుకునేలోపల వ్యాఖ్యాత్రి ధన్యవాదాలు చెప్పడం, అందరూ కూర్చోవడం జరిగిపోయింది. ఆయన మాత్రం నిలబడే ఉన్నారు. మొహంలో ఉన్నది దుఃఖం కాదు, వృత్తిపరమైన అసంతృప్తి.

"నిమిషమన్నారు కదా?"

"అవునండి."

"నిమిషమంటే తొంభై అడుగుల ఫిలిం. నలభై అడుగులు కూడా నడవలేదు. పోయినవాడి దగ్గర కూడా కోతేనా?"

సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు, అడుగుకు పదహారు ఫ్రేములు అన్న లెక్కన ఆయన చెప్పింది అక్షరాలా సరైనది. జీవితమంతా కెమెరా గర్రుమనే చప్పుడును కొలుచుకుంటూ ఊపిరి బిగబట్టి పడుకున్న మనిషికి గడియారం అక్కర్లేదు. 1972లో చాప్లిన్ ఇరవై ఏళ్ల తరువాత అమెరికాకు తిరిగివస్తే ఆస్కార్ సభ లేచి నిలబడి దాదాపు పన్నెండు నిమిషాలు చప్పట్లు కొట్టిందని చెబుతారు. అంటే ఒక రీలు పూర్తిగా తిరిగిపోయేంత సేపు. మావాళ్లు నలభై అడుగులకే కాళ్లు నొప్పులని కూర్చున్నారు.

ఆ తరువాత దివంగతులతో ఆత్మీయ అనుబంధం గల వ్యక్తిగా నన్ను వేదిక మీదికి పిలిచారు. నేనేం మాట్లాడానో ఇక్కడ రాయను. దిగివచ్చేటప్పటికి చెమటతో తడిసి ఉన్నాను. గురువుగారు "బాగా చెప్పావు, కానీ చివర్లో గొంతు వణకాలి" అన్నారు.

కార్యదర్శిని పక్కకు లాగి, ఆయన బతికే ఉన్నారు, అదిగో, మంచినీళ్లు తాగుతున్నారు అని చూపించాను. ఆ మహాశయుడు అటువైపు చూసి, నావైపు చూసి, ఏమాత్రం చలించకుండా, తప్పు నాదేనని తేల్చాడు. "మరణానంతరం గౌరవించడం కన్నా" అని నా ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉందట, ఆ మొదటి మాట చూసి గుమాస్తా దానిని మరణానంతర పురస్కారాల ఫైలులో పెట్టాడట, సంఘం ఆ ఫైలును ఏకగ్రీవంగా ఆమోదించిందట. మిగతా ఉత్తరం ఎవరైనా చదివారా అని అడిగితే, వచ్చే ప్రతి ఉత్తరాన్నీ పూర్తిగా చదివే సిబ్బంది మాకు ఎక్కడున్నారండీ అని నన్నే నిలదీశాడు. ఇప్పుడైనా మార్చవచ్చు కదా అంటే, జీవన సాఫల్య విభాగంలో ఈ ఏటికి ఖాళీ లేదని, మరణానంతర విభాగంలోనే ఒక స్థానం మిగిలిందని, అందులో ఉండడం ఆయనకు ఒక రకంగా అదృష్టమని వివరించాడు.

నోబెల్ వారి ఇబ్బంది ఇంతకు సరిగ్గా తలకిందులు. పోయినవారికి బహుమతి ఇవ్వకూడదన్నది వారి నియమం. 2011లో వైద్య బహుమతికి ఎంపికైన శాస్త్రవేత్త రాల్ఫ్ స్టైన్‌మన్ ప్రకటనకు మూడు రోజుల ముందే మరణించిన సంగతి వారికి తెలియలేదు. బతికి ఉన్నాడని నమ్మే నిర్ణయించాము కాబట్టి బహుమతి నిలుస్తుందని వారు తేల్చుకున్నారు. పోయాడని నమ్మే నిర్ణయించాము కాబట్టి మాది కూడా నిలుస్తుందని మా కార్యదర్శి వాదం. 2013లో ఎస్. జానకి పద్మభూషణ్‌ను, ఇది ఎప్పుడో రావలసింది అని తిరస్కరించారు. గురువుగారూ, మీరు కూడా వద్దనెయ్యండి అందామని నా నోటిదాకా వచ్చింది కానీ, కాదనడానికైనా ముందు మనిషి బతికి ఉన్నట్టు వారి లెక్కలోకి రావాలి కదా.

పురస్కారం స్వీకరించడానికి దివంగతుల కుటుంబసభ్యులు ఎవరైనా ఉంటే రావలసిందిగా పిలుపు వచ్చింది. నేను వద్దంటున్నా వినకుండా గురువుగారు లేచి, మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, నమస్కరించి, జ్ఞాపిక అందుకున్నారు. పోయినాయనకు అచ్చం ఈయన పోలికేనని నా వెనక ఒకావిడ మెచ్చుకుంది. వేదిక పక్కన రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. దివంగతులతో సంబంధం అని ఒక గడి ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని, కాసేపు ఆలోచించి, "చిన్నప్పటి నుంచి ఎరుగుదును" అని గుండ్రని అక్షరాలతో రాశారు.

అది చదివి కూడా కోశాధికారికి ఏమీ అనిపించలేదు. చెక్కు వారసుల పేరిట ఉంది కాబట్టి మరణ ధ్రువపత్రం నకలు ఒకటి జతచేయాలన్నాడు.

"అది ఇంకా తీసుకోలేదు నాయనా," అన్నారు గురువుగారు.

"తొందరేమీ లేదండీ, మీ వీలు చూసుకునే ఇవ్వండి," అన్నాడు కోశాధికారి ఎంతో మర్యాదగా. "ఆర్థిక సంవత్సరం ముగిసేలోపల అయితే మాకు లెక్కలు సులువవుతాయి."