ఒంటారియోలో ఫైలు కదిలే చట్టం ఎప్పుడొస్తుంది?

రెడ్ టేప్‌ను, అంటే ప్రభుత్వ నిబంధనల, కాగితాల చిక్కుముడిని తగ్గిస్తామనే మాట కెనడా ప్రావిన్సుల్లో పాతికేళ్లకు పైగా వినిపిస్తూనే ఉంది. 2001లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం తన నిబంధనలన్నిటినీ లెక్కపెట్టించింది. మూడు లక్షలు దాటాయి. మూడేళ్లలో మూడో వంతు కోసేస్తామని ప్రకటించి, అంతకన్నా ఎక్కువే కోసింది. 2019లో అల్బెర్టా అదే దారి పట్టింది. రెడ్ టేప్ తగ్గింపు చట్టం చేసి, ఆ పనికి ఒక మంత్రిని కూడా పెట్టుకుంది. ఒంటారియో కొలబద్ద వేరు. కొత్త నిబంధన వల్ల వ్యాపారుల మీద ఒక డాలర్ భారం పడితే, ఇంకెక్కడైనా 1.25 డాలర్ల భారం తగ్గించాలని 2017లో అక్కడి లిబరల్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. మరుసటి ఏడాది గద్దెనెక్కిన డగ్ ఫోర్డ్ ప్రభుత్వం మిగతా చాలా విషయాల్లో లిబరల్స్‌ను తప్పుబట్టినా, ఈ సూత్రాన్ని మాత్రం తన 2020 చట్టంలో అలాగే ఉంచుకుంది.

లెక్కపెట్టడం తప్పని నేననను. కొలవనిదే ఏ ప్రభుత్వమూ కదలదు. కానీ చిన్న వ్యాపారికి నిద్ర పట్టనివ్వనిది పుస్తకంలో ఎన్ని నిబంధనలున్నాయన్నది కాదు, తన కాగితం ఎప్పుడు తేలుతుందన్న టెన్షన్. ఇన్ని చట్టాలు వచ్చినా ఆ టెన్షన్ జోలికి గట్టిగా వెళ్లినవి తక్కువే.

ఉత్తర ఒంటారియోలో, కెనోరాలాంటి పట్టణంలో ఒక వెల్డింగ్ వర్క్‌షాపు ఉందనుకుందాం. ఆర్డర్లు పెరిగాయి, పక్క స్థలంలో ఇంకో షెడ్డు వేయాలి. ముందు ఆ స్థలానికి జోనింగ్, అంటే అక్కడ ఏం కట్టొచ్చో చెప్పే వర్గీకరణ, మార్పించుకోవాలి. తర్వాత స్థలంలో ఏది ఎక్కడ వస్తుందో చూపే సైట్ ప్లాన్. ఆ తర్వాత బిల్డింగ్ పర్మిట్. షెడ్డు నుంచి వచ్చే పొగ, శబ్దాల సంగతి చూసే పర్యావరణ శాఖ దగ్గర ఇంకో కాగితం. ఇవేవీ అనవసరమైనవి కావు, పక్కింటివాళ్లకు ఆ శబ్దం గురించి అడిగే హక్కుంది. అయితే ఒక్కో కాగితం ఒక్కో బల్ల మీద ఆగుతుంది. అప్పటికే మెషీన్‌కు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వడ్డీ పెరుగుతూ పోతుంది. టొరంటోలో పెద్ద బిల్డర్‌కు ఈ తిరుగుడంతా చూసుకోవడానికి లాయర్లు, కన్సల్టెంట్లు ఉంటారు. ఇక్కడ యజమానే పగలు వెల్డింగ్ చేసి, రాత్రి ఫారాలు నింపుకోవాలి.

చట్టంలో గడువులు లేవా అంటే, ఉన్నాయి. ఇంటికి బిల్డింగ్ పర్మిట్ 10 పని దినాల్లో, చిన్న భవనాలకు 15 పని దినాల్లో తేల్చాలి. జోనింగ్ దరఖాస్తుకు 90 రోజులు. చిక్కల్లా ఆ రోజుల లెక్క ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గరే. దరఖాస్తు ‘సంపూర్ణం’ అని ఆఫీసు ఒప్పుకున్నాకే గడువు మొదలవుతుంది. ఒక సర్వే తక్కువైందనో, ఇంకో రిపోర్టు కావాలనో ఫైలు వెనక్కి వస్తే ఆ రోజులు ఎవరి ఖాతాలోనూ పడవు, వ్యాపారి ఖాతాలో తప్ప.

ఇక్కడే ఒంటారియో ఒక ధైర్యమైన ప్రయోగం చేసింది. దాని మీద జరగాల్సినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం. 2022లో తెచ్చిన చట్టంలో, మున్సిపాలిటీ గడువు తప్పితే ఫీజు వాపసు ఇవ్వాలని రాశారు. జోనింగ్ దరఖాస్తును 90 రోజుల్లో తేల్చకపోతే సగం ఫీజు, 150 రోజులు దాటితే 75 శాతం, 210 రోజులు దాటితే మొత్తం. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. ఆలస్యం చేసినవాడే మూల్యం చెల్లించాలి కదా!

జరిగింది ఇంకోటి. ఫీజు పోతుందన్న భయంతో చాలా మున్సిపాలిటీలు దరఖాస్తు తీసుకోవడానికి ముందే చేయాల్సిన సంప్రదింపులను పెంచేశాయి. రిపోర్టులన్నీ ముందే తెమ్మన్నాయి. పని అదే, పట్టే రోజులూ అవే. కాకపోతే అవి గడువు మొదలవకముందే గడిచిపోతాయి. చివరికి 2024లో ప్రభుత్వమే ఆ వాపసు నిబంధనను ఎత్తేసింది. ఎత్తేసిన చట్టం పేరులోనే ‘రెడ్ టేప్ తగ్గింపు’ ఉంది. అదే చట్టం ముందస్తు సంప్రదింపులను దరఖాస్తుదారు ఇష్టానికి వదిలేసింది. ఆ మరుసటి ఏడాది ఇంకో చట్టం వచ్చి నీడ, గాలి, లైటింగ్ వంటి అధ్యయనాలను మున్సిపాలిటీలు తప్పనిసరిగా అడగకుండా ఆపే వీలు కల్పించింది. ఇన్నేళ్లలో సరైన చోట చెయ్యి పడింది ఈ రెండిటితోనే అంటాను. శిక్ష వేస్తే ఆఫీసు తప్పించుకునే దారి వెతుక్కుంటుంది. ఏమేం అడగొచ్చో ముందే తేల్చేస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

అలాగని అడ్డొచ్చిన ప్రతి నిబంధననూ కోయమనడం లేదు. కోత ఎంత ప్రమాదమో ఒంటారియోకు తెలిసినంతగా మరే ప్రావిన్స్‌కూ తెలియదు. 1990ల్లో మైక్ హారిస్ ప్రభుత్వం రెడ్ టేప్ కమిషన్ వేసింది. 1996లో మున్సిపాలిటీల తాగునీటి పరీక్షల నుంచి ప్రభుత్వ ల్యాబ్‌లు తప్పుకుని, ఆ పని ప్రైవేటు ల్యాబ్‌ల చేతికి వెళ్లింది. నీళ్లలో తేడా కనిపిస్తే ఆరోగ్య అధికారులకు నేరుగా చెప్పి తీరాలన్న కట్టుదిట్టమైన నిబంధన మాత్రం పెట్టలేదు. 2000 మే నెలలో వాకర్టన్ అనే చిన్న పట్టణంలో కుళాయి నీళ్లలో ఈ.కోలై బ్యాక్టీరియా చేరింది. నీళ్లు చెడ్డాయన్న ఫలితం ల్యాబ్ నుంచి స్థానిక నీటి సంస్థకు చేరింది, అక్కడే ఆగిపోయింది. ఏడుగురు చనిపోయారు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. విచారణ జరిపిన జస్టిస్ డెనిస్ ఓకానర్, ల్యాబ్ నేరుగా ఆరోగ్య అధికారులకు చెప్పి ఉంటే 300 నుంచి 400 మందికి ఆ జబ్బు తప్పేదని తేల్చారు. నిబంధనలు తగ్గించాలన్న పట్టుదలతో ఉన్న ఆ ప్రభుత్వంలో అలాంటి కొత్త నిబంధన ప్రతిపాదిస్తే నెగ్గేది కాదని కూడా ఆయన గుర్తించారు. ఒక ఫోన్ కాల్ చేయమనే నిబంధన అది. వ్యాపారానికి దానివల్ల పడే భారం ఎంతని?

2018 డిసెంబరులో ఫోర్డ్ ప్రభుత్వం తెచ్చిన 66వ నంబర్ బిల్లు చూసినప్పుడు జనానికి గుర్తొచ్చింది ఆ వాకర్టనే. కొత్త ఫ్యాక్టరీ వస్తుందంటే, వాకర్టన్ తర్వాత పుట్టిన నీటి రక్షణ చట్టాన్ని కూడా పక్కనపెట్టే వీలు మున్సిపాలిటీలకు ఇస్తామన్నారు. పట్టణ కౌన్సిళ్లు, రైతులు, పర్యావరణ సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. నెల తిరిగేసరికి, 2019 జనవరిలో, ప్రభుత్వం ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంటామని చెప్పాల్సి వచ్చింది.

ఆ పాఠం నిలవలేదు. 2025 జూన్‌లో ఆమోదం పొందిన 5వ నంబర్ బిల్లుతో ప్రత్యేక ఆర్థిక మండళ్లు ప్రకటించే అధికారం మంత్రివర్గానికి దక్కింది. ఆ మండళ్లలో ప్రభుత్వం నమ్మిన సంస్థలకు, ఎంచుకున్న ప్రాజెక్టులకు ప్రావిన్స్ చట్టాల నుంచీ మున్సిపల్ బైలాల నుంచీ మినహాయింపు ఇవ్వొచ్చు. దూర ఉత్తరాన ‘రింగ్ ఆఫ్ ఫైర్’ ఖనిజ ప్రాంతం మీదే ప్రధానంగా చూపు. తమ నేలపై తమను అడగకుండా నిర్ణయాలేమిటని ఫస్ట్ నేషన్స్ అనే మూలవాసీ ప్రజలు తీవ్రంగా వ్యతిరేకించారు. వాళ్ల అభ్యంతరం న్యాయమైనది. నాకు దానికి తోడు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. నిబంధన చెడ్డదైతే అందరికీ తీసేయాలి. మంచిదైతే గనుల కంపెనీకీ వర్తించాలి. మంత్రివర్గం చేతిలో ఉన్న మినహాయింపు కోసం వెల్డింగ్ షాపు యజమాని ఎవరి గడప తొక్కుతాడు?

ప్రాంతీయ వ్యాపారం పెరగాలన్న కోరిక నిజమైనదైతే ఆఫీసు కుర్చీలో మనిషి ఉండాలి. ఒంటారియోలో 444 మున్సిపాలిటీలున్నాయి. అనుమతులు వేగంగా ఇవ్వడం కోసమని 2022లో ప్రకటించిన 4.5 కోట్ల డాలర్ల నిధి, వాటిలో అతి పెద్దవైన 39 మున్సిపాలిటీల కోసం ఉద్దేశించింది. చిన్న, గ్రామీణ మున్సిపాలిటీలకు 2019 నుంచి వేరే ఆధునికీకరణ నిధులు అందిన మాట నిజమే. కానీ గ్రాంటు ఒకసారి వస్తుంది, దరఖాస్తులు పరిశీలించే ప్లానర్‌కు జీతం నెలనెలా ఇవ్వాలి. ఇరుగుపొరుగు నాలుగైదు పట్టణాలు కలిసి ఒక ప్లానర్‌ను, ఒక బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకునేలా ప్రావిన్స్ ఏటా డబ్బు ఇస్తే, పది బిల్లులు చేయలేని పని అది చేస్తుంది.

దాంతోపాటు ఒక చిన్న నిబంధన కొత్తగా పెట్టాలి. వ్యాపారి మొదటిసారి కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వచ్చిన తేదీ, చివరి నిర్ణయం అతని చేతికి అందిన తేదీ, ఈ రెండూ ప్రతి మున్సిపాలిటీ, ప్రతి శాఖ బయటపెట్టాలి. ‘సంపూర్ణ దరఖాస్తు’ తేదీ అందులో లెక్కలోకి రాకూడదు. 1.25 డాలర్ల సూత్రం ప్రకారం దీనికయ్యే ఖర్చుకు బదులు ఇంకేదైనా భారం తగ్గించాలంటారా, సంతోషంగా తగ్గించండి.