సవరణ: సైట్ నెమ్మదికి కారణం ర్యామ్ కాదు

మేడారం జాతరప్పుడు మన ఓరుగల్లు ఫొటోల సైట్ మొరాయిస్తే, ర్యామ్ చాలట్లేదు, పెద్ద సర్వర్‌కు చందాలు వేయండని కిందటి పోస్టులో రాశాం. ఇక చందాలు పంపకండి. ఆ అవసరం లేదు.

సర్వర్‌ను నడిపే లినక్స్‌లో, మెమరీ లెక్క చూపే పట్టికలోని ‘ఫ్రీ’ అంకె తక్కువుంటే మెమరీ అయిపోయినట్టు కాదు. ఖాళీ ర్యామ్‌ను అది ఫైళ్ల క్యాష్‌కు (మళ్లీ త్వరగా తీయడానికి దాచుకునే కాపీలకు) వాడుకుంటుంది, ప్రోగ్రాములు అడిగితే వదిలేస్తుంది. చూడాల్సింది ‘అవైలబుల్’ కాలమ్. అక్కడ మనకు కావలసినంత ఉంది.

అసలు చిక్కు డేటాబేస్‌లో. మన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ (నెమ్మదిగా నడిచే క్వెరీల, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల, చిట్టా) ఆన్ చేస్తే మొదట ఏమీ రాలేదు. డిఫాల్ట్‌గా 10 సెకన్లు దాటినవే అందులోకి ఎక్కుతాయి మరి! 1 సెకనుకు దించగానే ఊరి పేరుతో వెతికే క్వెరీ వరుసగా కనిపించింది. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌లో టైప్ దగ్గర ‘ఆల్’ అని ఉంది. అంటే ఎవరైనా పాలంపేట అని కొట్టిన ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతోంది. జనం తక్కువున్నన్నాళ్లు ఇది బయటపడలేదు.

ఊరి కాలమ్‌కు ఇండెక్స్ (పుస్తకం చివరి పదసూచిక లాంటిది) వేశాం. సైట్ కుదుటపడ్డది. పేరు మధ్యలోని అక్షరాలతో వెతికితే మాత్రం ఈ ఇండెక్స్ పనిచేయదు, అది ఇంకా నెమ్మదే.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ఒక మెసేజ్ పెట్టండి, పూర్తిగా తిరిగి ఇచ్చేస్తాం.