వెంటిలేటర్‌పై ఉన్న నెలతక్కువ బిడ్డకు నొప్పి మందు వద్దా?

"నెలలు నిండని పిల్లలకు నరాలు పూర్తిగా ఏర్పడవు కనుక నొప్పి తెలియదు, కదలకుండా పడి ఉండటానికే మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ఎక్కిస్తారు, అది మెదడును పాడుచేసి బిడ్డను మత్తుకు బానిసను చేస్తుంది, కాబట్టి ఏ నొప్పి మందుకూ ఒప్పుకోకండి" అన్న సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. ఇందులో ఒకచోట సగం నిజం ఉంది, ఆ సగం నిజమే మిగతా అబద్ధాలను మోస్తోంది.

నొప్పి తెలియదన్నది ఒకప్పుడు వైద్యుల్లోనే ఉన్న నమ్మకం. 1980ల దాకా పసికందులకు కండరాలను సడలించే మందు మాత్రమే ఇచ్చి, నొప్పి తెలియకుండా చేసే మందు ఇవ్వకుండానే ఆపరేషన్ చేసిన సందర్భాలున్నాయి. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. గుండె దగ్గర మూసుకోకుండా మిగిలిపోయిన రక్తనాళాన్ని కట్టే ఆపరేషన్‌లో ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు అందిన నెలతక్కువ పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లూ, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తక్కువగా కనిపించాయి. నరాలను చుట్టి ఉండి సంకేతాన్ని వేగంగా నడిపించే మైలిన్ పొర పూర్తిగా రాకపోతే సంకేతం నెమ్మదిస్తుందే తప్ప ఆగిపోదు. పెద్దవాళ్లలో సైతం సలుపును మోసేవి మైలిన్ లేని నరాలే. పైగా నొప్పిని అణచడానికి మెదడు నుంచి కిందికి దిగే మార్గాలు ఆలస్యంగా పక్వమవుతాయి కనుక, నెలతక్కువ బిడ్డకు బాధ తగ్గడం అటుంచి, ఎక్కువయ్యే అవకాశమే ఉంది.

మరి ఏడవడేం అని అడుగుతారు. శ్వాసగొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి వెళుతుంది కాబట్టి ఏడ్చినా గొంతు వినిపించదు. రక్తం కోసం మడమ గుచ్చినప్పుడు కనుబొమ్మలు ముడిపడతాయి, కళ్లు గట్టిగా మూసుకుంటాయి, ముక్కు పక్కనున్న గీత లోతవుతుంది, నోరు తెరుచుకుంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. అదే క్షణంలో మానిటర్‌పై గుండె వేగం పెరిగి ఆక్సిజన్ తగ్గుతుంది. నర్సులు నొప్పికి మార్కులు వేసేది ఈ గుర్తులను చూసే. బాగా అలసిన బిడ్డ ఇవేవీ చూపకుండా పడి ఉండవచ్చు. దాన్ని సుఖంగా నిద్రపోవడం అనుకోకూడదు. పారిస్ ప్రాంతపు ఆస్పత్రుల్లో 430 మంది నవజాత శిశువులను గమనించి 2008లో వెలువరించిన అధ్యయనంలో, సగటు శిశువుకు రోజుకు సుమారు 10 బాధాకరమైన ప్రక్రియలు జరుగుతున్నట్లు తేలింది.

ఇక సగం నిజం సంగతి. వెంటిలేటర్‌పై ఉన్న ప్రతి నెలతక్కువ బిడ్డకూ మార్ఫిన్ డ్రిప్ పెట్టడం మంచి పద్ధతి కాదు. 898 మంది పిల్లలపై జరిగి 2004లో వెలువడిన నియోపెయిన్ అనే మందు పరీక్షలో, మెదడులో తీవ్ర రక్తస్రావం, మెదడులోని తెల్ల పదార్థం (నరాల తంతువులుండే భాగం) దెబ్బతినడం, మరణం అన్నవాటిని కలిపి లెక్కిస్తే మార్ఫిన్ పొందిన గుంపులోనూ పొందని గుంపులోనూ దాదాపు ఒకే ఫలితం వచ్చింది. రక్తపోటు పడిపోవడం మాత్రం మార్ఫిన్ గుంపులో ఎక్కువ. నిద్రపుచ్చుతుందే గాని నొప్పి తగ్గించని మిడాజోలం విషయంలో అనుమానాలు ఇంకా బలమైనవి. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో, దీర్ఘకాలం వెంటిలేటర్‌పై ఉండే నెలతక్కువ పిల్లలకు ఈ మందుల డ్రిప్‌ను అలవాటుగా పెట్టవద్దని చెప్పింది. కానీ "అలవాటుగా వద్దు" అనడం "ఎప్పుడూ వద్దు" అనడం కాదు. ఆపరేషన్‌కూ, అత్యవసరం కాని వేళ గొట్టం వేయడానికీ ముందు మందు కావలసిందే.

బానిసత్వం మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. కొన్ని రోజులపాటు మార్ఫిన్ అందిన శరీరం దానికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా ఆపితే వణుకు, చిరాకు, విరేచనాలు కనిపించవచ్చు కనుక మోతాదును మెల్లగా తగ్గిస్తారు. పెద్దవాళ్లు మత్తు కోసం వెంపర్లాడే వ్యసనం వేరు.

నొప్పి తగ్గించడమంటే మార్ఫిన్ ఒక్కటే అన్నట్లు మాట్లాడటం ఈ సందేశంలోని మరో తప్పు. మడమ గుచ్చడానికి సుమారు 2 నిమిషాల ముందు నాలుకపై వేసే కొలిచిన సుక్రోజ్ (చక్కెర ద్రావణం) చుక్కలు, కాళ్లూ చేతులూ దగ్గరికి ముడిచి అరచేతులతో పట్టి ఉంచడం, స్థితి నిలకడగా ఉంటే తల్లి ఛాతీపై పడుకోబెట్టే కంగారూ సంరక్షణ, ఇవన్నీ చిన్న ప్రక్రియల నొప్పిని తగ్గిస్తాయి. ఈ మాట విని ఇంటి నుంచి చక్కెర నీళ్లో తేనెనో తెచ్చే అమ్మమ్మలున్నారు. ఆ పని చేయకూడదు, తేనె అయితే ఏడాది నిండని ఏ బిడ్డకూ పనికిరాదు.

అన్ని మందులనూ నిరాకరిస్తూ సంతకం పెట్టే బదులు డాక్టరును అడగవలసినవి వేరే ఉన్నాయి: మా బిడ్డకు నొప్పి మార్కులు వేస్తున్నారా, ఈ మందు ఏ ప్రక్రియ కోసం ఇస్తున్నారు, మోతాదు ఎప్పటి నుంచి తగ్గిస్తారు, మడమ గుచ్చేటప్పుడు మేము చేతులతో పట్టుకోవచ్చా?